పంచ్ చుట్టూ తెల్లగీత

రైలింజన్ల షెడ్డులో మాపై చార్జ్‌మన్‌గా చేసిన సన్యాసిరావు నాకు ఇస్తానన్న నేల ఇవ్వలేదు. ఇవ్వకపోగా, చేతికొచ్చినదాన్ని నేనే మొండికేసి కాలదన్నుకున్నానని బిలాస్‌పూర్‌లో తెలుగువాళ్ళున్న ప్రతి క్వార్టర్ల లైనులోనూ చెప్పుకు తిరిగాడు. మావాళ్ళు నమ్మారు కూడా. గోల్ బజారులో కూరలు కొంటూ ఉంటే ఎదురైన ప్రతివాడూ ఒకటే ప్రశ్న. "ఏటి పైడిరాజూ, రెండు సుక్కలు రంగు పూసీసుంటే నీ సొమ్మేటి పోయీది?" ఇంతమందికీ బజారులో సంచీ పట్టుకుని నిలబడి జవాబు చెప్పడం నా వల్ల కాదు. అందుకని రాస్తున్నాను. పూర్తిగా చదివి, ఆ పైన నన్ను మొండివాడనండి. ఒప్పుకుంటాను.

నేను షెడ్డులో పెయింటర్ని. మూడో తరగతిలో బడి మానేశాను. చీపురుపల్లి దగ్గర మా ఊళ్ళో పంటలు పోయిన ఏడు మా నాన్న మమ్మల్నందర్నీ రైలెక్కించి ఇక్కడికి తీసుకొచ్చాడు. ఖలాసీగా చేరేవాడికి పద్యాలతో పనేముంది? ఇంగ్లీషు నాకు చదవడం రాదు, గీయడం వచ్చు. ఇంజన్ల మీద మూరెడేసి అంకెలు, వ్యాగన్ల మూలల్లో వేలెడంత బరువు లెక్కలు, ఆఫీసు తలుపుల మీద దొరల పేర్లు, ఇవన్నీ ఏళ్ళ తరబడి నేను రాసినవే.

మా షెడ్డు పద్ధతి ఒకటి ముందే చెప్పాలి. అక్కడ ప్రతి పనివాడికీ ఒక టికెట్ నంబరు ఉంటుంది. ఆ నంబరున్న ఇత్తడి బిళ్ళని పొద్దున్న గేటు దగ్గర చూపించి లోపలికి వెళ్ళాలి. ఫిట్టరు ఒక రాడ్డో పిన్నో తయారుచేసి బిగించాడంటే, దాని మీద పంచ్, అంటే అంకె చెక్కిన ఉక్కు అచ్చు, పెట్టి సుత్తితో తన నంబరు కొడతాడు. పడిన గుర్తునీ పంచ్ అనే అంటాం. రేపు దారిలో ఆ రాడ్డు విరిగితే అది ఎవడి పనో తెలియాలి కదా. అందుకని పెయింటరు ఆ పంచ్ మీద రంగు వెయ్యకూడదు. అంత మేరా లోహాన్ని బోసిగా వదిలేసి, చూసేవాడి కంటికి ఆనేలా చుట్టూ తెల్లగీత తిప్పాలి. పంచ్ మీద రంగు పూసిన పెయింటరుకి ఆ రోజు హాజరు పడదు. నాకీ సంగతి నెత్తిన మొట్టి మరీ నేర్పించారు. ఇప్పుడు ఆలోచించక్కర్లేదు, పంచ్ కనపడితే నా చెయ్యే తప్పుకుంటుంది.

అప్పలకొండ అని మా పక్క క్వార్టరులో ఫిట్టరు ఉండేవాడు. టికెట్ నంబరు 342. మాట తక్కువ మనిషి. సెలవు రోజుల్లో వెనక వరండాలో కూర్చుని ఇత్తడితో చిన్న ఇంజను ఒకటి తయారుచేశాడు. బజారులో తూకానికి కొన్న పాత కుందులు, చెంబులు, పగిలిన కుళాయిలు కరిగించీ, కోసీ, ఆకురాయి పెట్టీ ఏళ్ళ తరబడి చేశాడు. ఇంజనూ, వెనక బొగ్గూ నీళ్ళూ మోసే టెండరూ కలిపి మూరన్నర పొడుగు. చక్రాన్ని వేలితో తోస్తే రాడ్లు ముందుకీ వెనక్కీ ఆడేవి. లోపల బొగ్గు తోసే తలుపుకి మడతబందులు కూడా ఉండేవి.

"నాకో ముక్కుపుడక సేసీ అంటే తీరికనేదంతాడు. ఈ ముండాదానికి పట్టాలు తప్ప అన్నీ సేసినాడు" అని అతని భార్య అప్పయమ్మ వీధందరికీ వినపడేలా దెప్పేది.

"పట్టాలు కూడా ఏస్తాను, కంగారేటి" అనేవాడతను. నాతో మాత్రం, "ఒరే పైడీ, రంగు నువ్వెయ్యాల. అచ్చరాలు నువ్వే రాయాల. ఇంకోడి సెయ్యి పడకూడదు" అన్నాడు.

రంగు దాకా రాకుండానే పోయాడు. ఆ వర్షాకాలం పట్టుకున్న జ్వరం నల్లనీళ్ళ జ్వరమైంది. పిల్లల్లేరు. ఉద్యోగస్థుడు పోతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి, అది రూలు. అప్పయమ్మ సామాను కట్టుకుంటూ ఉండగా సన్యాసిరావు పరామర్శకని వచ్చాడు. నేను డ్యూటీలో ఉన్నాను. నా భార్య చిన్నతల్లి అక్కడే ఉండి విన్నది.

"చూడమ్మా, ఈ బొమ్మ ఇత్తడి ఎక్కడిదని అడిగితే ఏటి చెప్తావు?" అన్నాడట.

"కొన్నాం బాబూ. బజార్లో కొన్నాడు."

"రసీదులున్నాయా? నేవు కదా. షెడ్డు ఇత్తడి అంటారు. నీకు రావలసిన ఫండు ఆపీగలరు. నా దగ్గరుంటే ఎవడూ నోరెత్తడు. తరవాత రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో గాజుపెట్టెలో పెట్టిస్తాను. మీ ఆయన పేరు నిలబడతాది."

ఆవిడ బెదిరిపోయి ఇచ్చేసింది. పాత చీరముక్కలో చుట్టి, పసిబిడ్డని అందించినట్టు అందించిందని చిన్నతల్లి చెప్పింది. ఉస్లాపూర్‌లో గ్యాంగుమనుగా చేసే తమ్ముడి గుడిసెకి అప్పయమ్మ ఆ సాయంత్రమే వెళ్ళిపోయింది.

దసరా వెళ్ళాక ఒక ఆదివారం సన్యాసిరావు ఆ మూట పట్టుకుని మా వరండాలోకి వచ్చాడు. ఆయన మా వైపు మనిషే, విజయనగరం దాకా చదువుకున్నవాడు. అలాంటివాడు మా లైనులో అడుగుపెట్టడమే వింత. చిన్నతల్లి గబగబా బల్ల తుడిచింది.

"పైడిరాజు, దీనికి రంగు వేసి, అసలు ఇంజను మీద ఏవేవి రాసుంటాయో అవన్నీ దీని మీద రాయాలి. అణువంత తేడా రాకూడదు. నీ వల్ల అవుతుందా?"

"అప్పలకొండది కదా బాబూ. అయినా అవకపోయినా చేస్తాను" అన్నాను.

"ఊరికే వద్దు. మంగ్లాలో భూస్వామి మాల్గుజారు దగ్గర నేను కొన్న పొలం ఉంది చూడు, అందులో చెరువు వైపు ముక్క నీ పేర రాయించేస్తాను. ఇన్‌స్టిట్యూట్ ఫంక్షను అయిన మర్నాడే. సరేనా?"

ఒక బొమ్మకి రంగు వేసినందుకు నేల ఏమిటని నాకు అనుమానం రాకపోలేదు. కానీ చిన్నతల్లి మొహం చూశాక ఆ అనుమానం పైకి అనలేకపోయాను. అప్పయమ్మ సామాను బండికెత్తిన రోజు నుంచీ అది సరిగ్గా నిద్రపోవడం లేదు. "నీకేటైనా అయితే నన్నూ ఇలగే ఎల్లగొడతారు కదా" అని పదిసార్లు అనేది. మాకు ఊళ్ళో ఏమీ మిగల్లేదు. ఇక్కడ ఉన్నది క్వార్టరు. అది డ్యూటీ ఉన్నంతవరకే మనది.

ఆ వారమే ఇద్దరం నడిచి మంగ్లా వెళ్ళి నేల చూసొచ్చాం. సన్యాసిరావు మనిషి హద్దులు చూపించి రాళ్ళు పాతాడు. చిన్నతల్లి చీర కుచ్చిళ్ళు దోపుకుని అప్పటికప్పుడే ముళ్ళకంపలు లాగడం మొదలుపెట్టింది. తర్వాత ప్రతి వారమూ వెళ్ళేది. ఒక మూల మునగకొమ్మ నాటింది. చెరువుకి వచ్చిన ఊరి ముసలమ్మ "కా బోవత్ హస్, దాయ్?" ఏం నాటుతున్నావు తల్లీ, అని అడిగితే, "ఇల్లు!" అని తెలుగులోనే జవాబిచ్చిందట. ఇంటికొచ్చి అది చెప్పుకుని తనే నవ్వుకుంది.

నేను పనిలో పడ్డాను. పెద్ద అక్షరం భుజంతో రాస్తాం. చిన్న అక్షరం ఊపిరితో రాయాలి. స్టోరులో ఇచ్చే బ్రష్షుల్లో అన్నిటికన్నా సన్నది కూడా దీనికి చీపురుకట్టే. ఉడత తోక వెంట్రుకలు నాలుగైదు ఏరి కోడి ఈక కాడలో బిగించుకున్నాను. గోల్ బజారులో గడియారాలు బాగుచేసే సాయిబుని బతిమాలి కంటికి పెట్టుకునే భూతద్దం తెచ్చుకున్నాను. ఉదయపు వెలుగు వరండాలోకి తిన్నగా వచ్చే కాసేపట్లోనే పని. టీ తాగితే చెయ్యి ఆడుతుంది, బరువెత్తితే ఆడుతుంది.

"ఒక బిందె నీళ్ళు తెమ్మంటే అచ్చరాలు వణుకుతాయంతాడు. సంసారం నేనే సెయ్యాల, సున్నాలు ఆయన సుడతాడు" అని చిన్నతల్లి పక్కింటివాళ్ళతో అనేది. అంటూనే నేను పని చేసేంతసేపూ వరండాలోకి కోడిని కూడా రానిచ్చేది కాదు.

టెండరు మీద కంపెనీ పేరులోని మూడు అక్షరాలూ కందిగింజంత. క్యాబు మీద నంబరు వడ్లగింజంత. అక్కడిదాకా ఫరవాలేదు. వాక్యూం బ్రేకు దగ్గర, నీళ్ళ ట్యాంకు పక్కన, బఫరు దూలం మీద ఉండేవి ఉన్నాయే, అవి నువ్వుగింజలో సగం. ఆ సైజులో తెల్లగీత సన్నగా రానే రాదు. ముందు తెలుపు కొంచెం లావుగా పెట్టి, ఆరాక దాని రెండు పక్కలా నలుపుతో కోసుకుంటూ రావాలి. కోయగా కోయగా మధ్యలో మిగిలిన తెలుపే అక్షరం. గుండె కొట్టుకున్నప్పుడల్లా కుంచె కొన కదులుతుంది. దెబ్బకీ దెబ్బకీ నడుమ ఉన్న ఖాళీలోనే గీత పడాలి. నా పని గురించి నేనే చెప్పుకుంటున్నానని నవ్వుకోండి. అలా రాయగలిగినవాడు అప్పుడు ఈ ఊళ్ళో ఇంకొకడు లేడు.

పని చేస్తూ ఉండగానే చూశాను. ప్రతి చక్రం మీదా, ప్రతి రాడ్డు మీదా, టెండరు వెనకపలక మీదా అప్పలకొండ తన నంబరు కొట్టాడు. 342. ఇసకరేణువుల్లాంటి అంకెలు. వాటికి కావలసిన పంచ్‌లు కూడా వాడే చేసుకుని ఉండాలి, అంత చిన్నవి ఎక్కడా దొరకవు. గొప్ప కోసం కొట్టాడనుకోను. పని అయితే నంబరు కొట్టాలి, అంతే, చెయ్యికి అలవాటు. నా చెయ్యికీ అలవాటే. రంగు వేస్తూ వేస్తూ ఆ చోట్లన్నీ బోసిగా వదిలేశాను. ఆవగింజంత ఇత్తడి మచ్చలు నల్లరంగు మధ్యలో మెరుస్తూ ఉండిపోయాయి.

పని ముగింపుకొస్తోందనగా సన్యాసిరావు చూడడానికి వచ్చాడు. బల్ల ముందు కూర్చుని భూతద్దం తీసుకుని అంగుళం అంగుళం చూశాడు. తర్వాత నా భుజం తట్టాడు. ఆయన ఎవర్నీ ముట్టుకునే మనిషి కాదు.

"శభాష్! అచ్ఛా కామ్ కియా. షెడ్డుకి పెద్దదొర, మన లోకో సాహెబు, రిటైరై సీమకి, ఇంగ్లండుకి, వెళ్ళిపోతున్నాడు. ఎల్లుండి ఇన్‌స్టిట్యూట్‌లో పార్టీ. ఇది ఆయన చేతికి ఇస్తాను."

"గాజుపెట్టెలో పెట్టిస్తానన్నారు కదా?"

"ఇంతకన్నా మంచి చోటా? సీమకి వెళ్తుంది!" జేబులోంచి కాగితం ముక్క తీశాడు. "ఇంజను పక్కన మేకరు ప్లేటు ఖాళీగా ఉంది కదా, దాని మీద ఇది రాయి."

చింతగింజలో సగం ఉంటుంది ఆ ప్లేటు. కాగితం మీది అక్షరాల వరస చూడగానే గుర్తుపట్టాను. సన్యాసిరావు గది తలుపు మీద ఆయన పేరు రాసింది నేనే.

"ఇది మీ పేరు కదా బాబూ. మేకరు ప్లేటు మీద తయారుచేసినవాడి పేరుంటాది."

"సాహెబుకి నేను చేశానని చెప్పాను" అన్నాడు, నీళ్ళు తాగానన్నంత తేలిగ్గా. "ఫోర్‌మన్ పోస్టు ఖాళీ అవుతోంది. వెళ్ళేముందు సాహెబు ఒక ముక్క రాసి వెళ్తే చాలు. నేను పైకెళ్తే మన తెలుగోళ్ళందరికీ మంచిదే కదా. అన్నట్టు, ఏటివి మచ్చలు? రంగు వెయ్యడం మరిచిపోయావా?"

"పంచ్ బాబూ. అప్పలకొండ నంబరు."

ఆయన మళ్ళీ భూతద్దం పెట్టి చూశాడు. ఈసారి మొహం మాడింది.

"వీడి తస్సాదియ్యా, బొమ్మకి కూడా కొట్టాడా! ఆ గాడుల్లో లాంబం నింపి, పైన రంగు పూసీ."

"పంచ్ మీద రంగు వెయ్యకూడదు కదా."

"ఒరే, ఇది షెడ్డా? ఇది రాయపూర్ ప్యాసింజరు లాగుతుందా? విరిగితే ఎవడైనా చస్తాడా? బొమ్మరా!"

"బొమ్మే బాబూ. పని చేసినవాడు మాత్రం బొమ్మ కాడు."

సన్యాసిరావు లేచి నిలబడ్డాడు. గొంతు తగ్గించాడు. ఆయన గొంతు పెంచినప్పటికన్నా తగ్గించినప్పుడే షెడ్డులో అందరికీ భయం.

"ఎల్లుండి సాయంత్రానికి మచ్చలు పోవాలి, ప్లేటు మీద పేరు పడాలి. మర్నాడు పొద్దున్న రిజిస్ట్రారు దగ్గరికి మనిద్దరం వెళ్తాం. లేదంటే నేనొక్కణ్ణీ కూడా వెళ్ళక్కర్లేదు. ఆలోచించుకో." చెప్పులేసుకుంటూ లోపలికి చూసి, "చిన్నతల్లీ, మీ ఆయనకి కాస్త బుద్ధి చెప్పమ్మా" అన్నాడు.

అది గుమ్మంలోనే ఉంది. ఆయన వెళ్ళేదాకా ఆగి నా మీద పడింది.

"ఏటి నీ పంతం? ఆ నంబరు ఎవడికి కనపడతాది? నీకే అద్దం ఉంటే గానీ కనపడదు. పూసీ! అప్పలకొండన్న బతికుంటే తనే పూసీమంటాడు."

"అనడు."

"సచ్చినోడి మీద పెట్టిన పేమ బతికున్నదాని మీద నేదు నీకు" అని మొహం తిప్పుకుంది.

మర్నాడు డ్యూటీ ఎగ్గొట్టి పట్టాల పక్కనే నడుచుకుంటూ ఉస్లాపూర్ వెళ్ళాను. గుడిసె ముందు అప్పయమ్మ బియ్యం చెరుగుతోంది. సంగతంతా చెప్పాను. చేట ఆడించడం ఆపకుండానే విన్నది.

"ఇయ్యనియ్యన్నయ్యా. మా ఇంట్లో ఉంటే దొంగ ఇత్తడన్నాడు. ఆయన సేతిలోకి ఎల్లగానే మంచిత్తడి అయిపోనాదా?"

"దాని మీద మీ ఆయన నంబరుంది. అది పూసీమంటున్నాడు."

"నంబరేటి, బిళ్ళే నేదు. కర్మ అవ్వకముందే గేటు కాడినుంచి మనిషొచ్చి బిళ్ళ అడిగినాడు, ఇచ్చీసినాను. మొన్న సంతలో సూసినాను, ఎవడో కొత్తోడు మొలతాడుకి కట్టుకున్నాడు." చేట ఆగింది. "నాకు అచ్చరం రాదు గానీ ఆ బిళ్ళ నానెరగనా? అంచుకి సొట్ట ఉంటాది. పెట్టి తాళం ఊడదియ్యబోయి మా ఆయనే పెట్టినాడు ఆ సొట్ట."

నంబరు ఇంకొకరికి ఇస్తారని తెలియనివాణ్ణి కాను. షెడ్డులో అదే ఆనవాయితీ. నంబరు ఖాళీగా ఉంచరు. ఆ కొత్తవాడు సూర్యం అనే పలాసవాడు, రోజూ నా ముందు నుంచే గేటు దాటుతున్నాడు. నేనే ఎప్పుడూ అలా లెక్క వేసుకోలేదు.

"మీకు నేలొస్తాది కదన్నయ్యా. పూసీండి" అన్నది అప్పయమ్మ. "మా ఆయనొచ్చి సూస్తాడా? చిన్నతల్లి వదినకి ఇల్లవుతాది. ఈ ఆనపకాయ వదినకియ్యి."

ఆనపకాయ చంకన పెట్టుకుని తిరిగొస్తూ దారి పొడుగునా ఒకటే అనుకున్నాను. పెళ్ళాం పూసెయ్యమంది. వాడి పెళ్ళామే పూసెయ్యమంది. సన్యాసిరావు సరేసరి. వద్దన్నవాడు భూమ్మీద ఒక్కడు లేడు. అసలు ఇంజన్ల మీద వాడు కొట్టిన రాడ్లు ఒక్కొక్కటే అరిగి తుక్కులోకి పోతాయి. బిళ్ళ సూర్యం మొలకి వెళ్ళింది. క్వార్టరులోకి వేరే కాపురం వచ్చింది. వాడు ఉన్నాడనడానికి ఇక ఈ మూరన్నర ఇత్తడే ఉంది. దాని మీద కూడా రంగు పూసే చెయ్యి నాది కావాలా? కాదు. ఎవరు పూయమన్నా కాదు. నేల కావాలంటే నేల తీసుకుపొమ్మను.

మర్నాడు పొద్దున్న వెలుగు రాగానే కూర్చున్నాను. తెల్ల సఫేదా పొడి మెత్తగా నూరి, గోటి మీద పెట్టి చూసుకుని, ప్రతి పంచ్ చుట్టూ తెల్లగీత తిప్పాను. షెడ్డులో అసలు ఇంజనుకి ఎలా తిప్పుతామో అలాగే. అంకెల గాడిలోకి నలుపు దింపాను, ఇత్తడి మీద విడిగా కనపడాలని. మేకరు ప్లేటు మీద టికెట్ నంబరు అని రాయడానికి వాడే ఇంగ్లీషు అక్షరాలు వేసి, పక్కన 342 రాశాను. కింద బిలాస్‌పూర్. నా జన్మలో అంత మంచి పని మళ్ళీ చెయ్యలేదు. చిన్నతల్లి వెనక నిలబడి చూసింది. దానికీ అక్షరం రాదు. కానీ తెల్లగీతలెందుకో షెడ్డువాడి పెళ్ళానికి ఎవరూ చెప్పక్కర్లేదు. తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ పూట కూరలో ఉప్పు లేదు. నేనూ అడగలేదు.

సాయంత్రం సన్యాసిరావు పంపిన గాజుపెట్టెలో పెట్టి ఇన్‌స్టిట్యూట్‌కి మోసుకెళ్ళాను. హాలు నిండా మనుషులు, కాగితపు దండలు, ముందు వరసలో కుర్చీలు. సన్యాసిరావు కొత్త కోటులో ఎదురొచ్చాడు.

"అయిందా?"

"పని పూర్తయింది బాబూ. వార్నీషు ఆరలేదు, వేలు పెడితే అచ్చు పడిపోతాది."

ఆయన గాజులోంచి తొంగిచూశాడు. ఉత్తకంటికి అవి తెల్లచుక్కలు. దీపాల వెలుగు గాజు మీద పడి ఇత్తడి మెరుపు ఆనకపోయేసరికి నింపేశాననుకున్నాడు, ప్లేటు మీది గీతలు తన పేరనుకున్నాడు. "గుడ్" అన్నాడు. అంతలో సాహెబు వచ్చాడని బ్యాండు మొదలుపెట్టారు.

ఉపన్యాసాలయ్యాయి. సన్యాసిరావు ఇంగ్లీషులో మాట్లాడి పెట్టె తెరిచాడు. సాహెబు పెద్దాయన, ఇంజన్ల మధ్య ముసలైనవాడు. ఎవరి మాటా వినకుండా వంగి, ముందు చక్రాన్ని వేలితో తోశాడు. రాడ్లు ఆడాయి. ఆయన మొహం చిన్నపిల్లాడి మొహమైపోయింది. కోటు జేబులోంచి తన భూతద్దం తీసి పక్కంతా వెతుక్కుంటూ చూశాడు. ఒక తెల్లగీత దగ్గర ఆగాడు. ఇంకో దాని దగ్గర ఆగాడు. ప్లేటు దగ్గరికొచ్చి పైకే చదివాడు.

"తీన్ సౌ బయాలీస్! కిస్కా టికెట్ హై? తుమ్హారా, రావ్?" మూడువందల నలభై రెండు ఎవరి టికెట్టు, నీదా, అని.

సన్యాసిరావు ఒక్కసారి వెనక్కి చూశాడు. తలుపు దగ్గర నిలబడ్డ నన్నే చూశాడు. కానీ ఏం మనిషండీ, తడుముకోలేదు. "యెస్ సర్. పాత రోజుల్లో నాది" అన్నాడు.

వెంటనే మూడో వరసలోంచి సూర్యం లేచాడు. కొత్తవాడు, ఎప్పుడు మాట్లాడాలో తెలియనివాడు. మొలనున్న బిళ్ళ పైకెత్తి చూపించి సంబరంగా అరిచాడు.

"హుజూర్! తీన్ సౌ బయాలీస్ మేరా హై!"

హాలంతా గొల్లున నవ్వింది. సాహెబూ నవ్వాడు. ఒకే బొమ్మకి ఇద్దరు తండ్రులా అన్నట్టు వీళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అందరూ నవ్వేసుకుని ఇళ్ళకి పోతే అక్కడితో అది ఒక తమాషా అయిపోయేది. నేను ముందుకి నడిచాను. వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగారు. విదిలించుకున్నాను.

"సాబ్" అన్నాను, నాకొచ్చిన హిందీలో. "ఆ నంబరు ఈయనది ఎప్పుడూ కాదు. ఈ కుర్రవాడిది ఇప్పుడు. ఈ ఇంజను చేసినప్పుడు అది ఫిట్టర్ అప్పలకొండది. ప్రతి ముక్కా వాడే చేశాడు. వర్షాల్లో చచ్చిపోయాడు. రంగు నాది. పంచ్ వాడిది."

సాహెబు ఆ పేరు మళ్ళీ చెప్పమన్నాడు. చెప్పాను. తనూ పలకబోయి సగంలో ఆగిపోయాడు. ఆయనకి అప్పలకొండ గుర్తు లేడు. అన్ని వందలమందిలో గుర్తుంటాడని నేననుకోలేదు. సన్యాసిరావు ఇంగ్లీషులో ఏదో చెబుతూ తలకి వేలు చూపించాడు, వీడికి కాస్త తిక్క అని. సాహెబు అటు అవుననీ అనలేదు, ఇటు కాదనీ అనలేదు. ఇంకోసారి భూతద్దం పెట్టి తెల్లగీతల్ని చూసి, పెట్టె తనే మూసి, బేరర్‌కి ఇవ్వకుండా చంకలో పెట్టుకుని వెళ్ళాడు. వెళ్ళేముందు షెడ్డు మనుషులందరికీ థ్యాంక్స్ చెప్పాడు. సన్యాసిరావు పేరు ఎత్తలేదు. నా పేరూ ఎత్తలేదు.

తెలిసినంతవరకు జరిగింది ఇదే. సన్యాసిరావుని ఎవరూ బయటికి గెంటలేదు. ఫోర్‌మన్ పోస్టుకి ఖరగ్‌పూర్ నుంచి ఎవరో వచ్చారు, ఈయన చార్జ్‌మన్‌గానే ఉండిపోయి పింఛను పుచ్చుకున్నాడు. అందుకు ఈ బొమ్మే కారణమని ఆయనంటాడు. కావచ్చు, కాకపోవచ్చు.

ఆ సాయంత్రం హాలు మెట్ల మీదే నన్ను పట్టుకున్నాడు. "నేల కోసం నా గుమ్మం తొక్కకు" అన్నాడు.

"తొక్కను. మీరూ మా వరండా ఎక్కకండి."

"చెరువు పక్క నేలరా! నీ బతుక్కి మళ్ళీ దొరుకుతుందనుకున్నావా?"

"దొరకదు. అయినా పూయను. ఇంకో ఇంజను తెండి, దాని మీదున్న పంచ్ కూడా పూయను."

చిన్నతల్లి మర్నాడే మంగ్లా వెళ్ళి మునగకొమ్మని వేళ్ళతో సహా పెళ్ళగించి తెచ్చింది. కిరసనాయిలు డబ్బాలో పెట్టి నీళ్ళు పోసింది గానీ అది బతకలేదు. నెల రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తిట్టడానికి మాత్రమే నోరు తెరిచేది. కానీ పంపు దగ్గర మా లైనులోని అమ్మన్న భార్య "మీ ఆయనకి మతి నేదా?" అని అడిగితే, "మతుంది, నేల నేదు. మీ ఆయనకి ఏటుందో సెప్పు?" అని బిందె కిందపెట్టి మరీ అడిగిందట.

ఇప్పుడు సన్యాసిరావు నేను వదులుకున్నది అరెకరమని ఒకచోట, ఎకరమని ఇంకోచోట చెబుతున్నాడు. నన్ను మరింత వెర్రివాణ్ణి చెయ్యాలని రోజురోజుకీ నేల పెంచుకుంటూ పోతున్నాడు. అంత లేదు. హద్దురాళ్ళు పాతినప్పుడు నేను అక్కడే ఉన్నాను, కొలత నా కళ్ళముందే జరిగింది. నాకు పోయినది మంగ్లాలో చెరువుగట్టుకి తూర్పున పదిహేడు డిసిమిళ్ళు. మన వైపు లెక్కలో పదిహేడు సెంట్లు.